చీకటి నగరాల ఓవీఏలు: ఏ టేపు ముందు చూడాలి?

మా పిన్ని కొడుకు బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. యానిమే (జపాన్ యానిమేషన్) పిచ్చి. తెలుగు డబ్బింగ్‌లో దొరికిన కొత్త సిరీస్‌లన్నీ చూసేసి, పోయిన సెలవుల్లో పాతవాటి మీద పడ్డాడు. "అన్నా, నియాన్ లైట్లు, రాత్రిపూట వాన, తుపాకులు, ఎవడినీ నమ్మని డిటెక్టివ్... అలాంటివి 80ల్లో చాలా వచ్చాయంట కదా. ఏది ముందు చూడమంటావ్?" అని అడిగాడు. నేనప్పుడు ఏదో పనిలో ఉండి, "బబుల్‌గమ్ క్రైసిస్ చూడరా" అనేశాను.

నాలుగు రోజులకు మళ్లీ ఫోన్. "మొదటి భాగం అదిరింది అన్నా. కానీ ఎనిమిదోది అయ్యాక తొమ్మిదోది ఎంత వెతికినా దొరకట్లేదు. కథ ఎటూ తేలలేదు. ఇంకా ఎక్కడైనా ఉందా?"

లేదు. ఎనిమిదితోనే ఆగిపోయింది. ఆ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది నేనే. అప్పటి నుంచి ఈ రకం యానిమే ఎవరు అడిగినా ముందు కథ గురించి కాదు, అది ఎక్కడ ఆగిపోతుందో చెప్తున్నాను. బొమ్మలు ఎంత బాగున్నాయి, తుపాకులు ఎన్ని పేలాయి అన్నది తర్వాతి మాట.

ఇవి ఇలా సగంలో ఎందుకు ఆగిపోతాయో తెలియాలంటే ఇవి ఎవరి డబ్బుతో తయారయ్యాయో చూడాలి. ఓవీఏ అంటే టీవీలో రాకుండా, థియేటర్‌కి పోకుండా, నేరుగా వీడియో క్యాసెట్టు మీద అమ్మకానికి వచ్చిన యానిమే. 1983 డిసెంబర్‌లో వచ్చిన డాలోస్‌ని ఈ దారిలో మొదటిదిగా చెప్తారు. అప్పటికే జపాన్ ఇళ్లలోకి వీసీఆర్‌లు వచ్చేస్తున్నాయి. టీవీ యానిమేకి బొమ్మల కంపెనీయో, చాక్లెట్ల కంపెనీయో స్పాన్సర్‌గా ఉండేది. పిల్లలు చూసే వేళ, ఇన్ని నిమిషాలు, నెత్తురు కనిపించకూడదు అని సవాలక్ష షరతులు. క్యాసెట్టుకి ఆ గొడవేమీ లేదు. కొనేవాడు పెద్దవాడు, డబ్బు వాడిదే. ఒక్కో టేపు పదివేల యెన్‌ల దాకా పలికేది. అందుకే ఎక్కువ మంది అద్దె షాపుల్లోంచి తెచ్చుకుని చూసేవారు.

మన దగ్గర కూడా అవే రోజుల్లో శనివారం రాత్రి వీసీపీ, కలర్ టీవీ కలిపి అద్దెకు తెచ్చి, తెల్లారేలోపు మూడు సినిమాలు లాగించేవాళ్లు. డబ్బులు గిట్టాలంటే నిద్రపోకూడదు. చాపల మీద పిల్లలు మాత్రం రెండో సినిమా సగానికే పడిపోయేవాళ్లు. ఆ క్యాసెట్ల కాలం గుర్తున్నవాళ్లకి ఈ ఓవీఏలు తొందరగా పట్టుబడతాయి. తేడా ఏంటంటే, మనం క్యాసెట్టులో సినిమా చూసేవాళ్లం. వాళ్లు క్యాసెట్టు కోసమే సినిమా తీశారు.

డబ్బు అలా వచ్చింది కాబట్టి నిడివికి లెక్క లేదు. ఒక భాగం ముప్పావు గంట దాటుతుంది, ఇంకోటి అరగంటకే అయిపోతుంది. మొదటి టేపు అమ్ముడుపోతేనే తర్వాతి టేపు. దాంతో మొదటి భాగంలో ఖర్చు కనిపిస్తుంది, చివరి భాగంలో పొదుపు కనిపిస్తుంది. మధ్యలో కంపెనీలు తగువులాడుకుంటే కథ గాల్లో వేలాడుతుంది. ఇంకో సంగతి, టీవీలో పెట్టలేని హింస, శృంగారం ఇక్కడ దండిగా ఉంటాయి. కింద చెప్పబోయేవన్నీ పద్దెనిమిది దాటినవాళ్లకే అనుకోండి. ఇంట్లో హాల్లో పెట్టుకుని చూసేవి కావు.

ఇలాంటి చీకటి నేర కథల్ని నియో-నోయిర్ అంటారు. ఆ మాటకి నిర్వచనాలు చాలా ఉన్నాయి కానీ నాకు ఒక్క గుర్తు చాలు. నేరస్తుడిని పట్టుకున్నాక కూడా ఊరు బాగుపడదు. ఆ ఊరే అసలు నేరస్తుడు. 1982లో వచ్చిన బ్లేడ్ రన్నర్ సినిమా ఆ ఊరికి వాన, నియాన్ బోర్డులు, మనిషిలా కనిపించే యంత్రాలు జోడించింది. జపాన్ ఓవీఏ వాళ్లు దాన్ని తిరగేసి, మరగేసి వాడుకున్నారు.

ముందు చూడాల్సింది: సైబర్ సిటీ ఓయెడో 808

ఎవరైనా ఒక్కటే చెప్పమంటే ఇప్పుడు నేను చెప్పేది ఇదే. 1990, 91ల్లో మ్యాడ్‌హౌస్ స్టూడియో నుంచి వచ్చిన మూడు భాగాలు. దర్శకుడు యోషియాకి కవాజిరి. తర్వాత 1993లో నింజా స్క్రోల్ సినిమా తీసింది ఈయనే. ఒక్కో భాగం ముప్పావు గంటకి కాస్త అటూ ఇటూ. మూడూ కలిపి మన సినిమా ఒకటి చూసినంత సేపు కూడా పట్టదు.

కథ క్రీ.శ. 2808లో. సెన్‌గోకు, గోగోల్, బెంటెన్ అని ముగ్గురు ఖైదీలు. ఒక్కొక్కడికీ వందల ఏళ్ల జైలు. హసెగావా అనే పోలీసు అధికారి వాళ్లతో బేరం పెడతాడు. నేను చెప్పిన కేసు పట్టుకుంటే శిక్షలో కొన్నేళ్లు తగ్గిస్తాను, గడువు దాటినా, పారిపోయినా మెడలో ఉన్న పట్టీ పేలిపోతుంది. ముల్లుని ముల్లుతోనే తీయడం అన్నమాట. ఇది వట్టి సైన్స్ ఫిక్షన్ ఊహ అనుకోకండి. ఎడో అంటే టోక్యో పాత పేరు. ఆ కాలంలో పోలీసులు దొంగల్లోంచి మారినవాళ్లనే చేతికింద పెట్టుకుని కూపీ లాగేవారు, వాళ్లని ఒకప్పికి అనేవారు. కొక్కెం ఉన్న చిన్న ఇనుప కడ్డీ, జిట్టే, అప్పటి పోలీసు ఆయుధం. వందల ఏళ్ల తర్వాతి ఈ ఖైదీల చేతిలోనూ అదే జిట్టే ఉంటుంది. పేరులోని 808 కూడా ఊరికే పెట్టింది కాదు. పాత ఎడోని ఎనిమిది వందల ఎనిమిది పేటల ఊరు అనడం జపాన్‌లో వాడుక. ఇవేవీ తెలియకపోయినా కథ అర్థమవుతుంది. తెలిస్తే మాత్రం ఆ కొత్త ఊరి కింద పాత ఊరు కనిపిస్తూ ఉంటుంది.

మొదటి భాగం సెన్‌గోకుది. ఆకాశాన్ని దాటిపోయే ఒక మహాభవనం కంప్యూటర్‌ని ఎవరో చేజిక్కించుకుంటారు, జనం లోపల ఇరుక్కుపోతారు. రెండోది గోగోల్‌ది. నెత్తి మీద జుట్టు కోడి జుత్తులా నిలబెట్టుకుని, కళ్లకి అడ్డం పట్టీ పెట్టుకునే భారీ మనిషి. చూడటానికి వస్తాదులా ఉంటాడు కానీ పని కంప్యూటర్ల తాళాలు తీయడం. మూడోది బెంటెన్‌ది. పొడవాటి తెల్ల జుట్టు, ఆడో మగో తెలియని అందం, సన్నటి తీగతో గొంతు కోసే పద్ధతి. బెంటెన్ అన్నది జపనీయులు సరస్వతీదేవిని పిలుచుకునే పేర్లలో ఒకటి. కబుకీ నాటకాల్లో ఆడవేషం కట్టి మోసం చేసే బెంటెన్ కోజో అనే దొంగ కూడా ఉన్నాడు. ఈ బెంటెన్ ఆ దొంగ వైపు మనిషే.

మూడు భాగాల్లో నాకు మూడోదే ఇష్టం. మెడ మీద కాటు గుర్తులతో శవాలు దొరుకుతుంటాయి. రక్తం ఉండదు. పేరుకి రక్త పిశాచి కథే గానీ లోపల ఉన్నది మనిషి ఎంతకాలం బతకాలని ఆశపడతాడు అన్న సంగతి. కవాజిరి రంగులు కూడా ఇక్కడే బాగా తెలుస్తాయి. తెరంతా నీలం, ఆ నీలంలో ఒక్కచోట ఎరుపు. పెదవో, నెత్తురో, దూరాన దీపమో. నల్ల సిరా పోసినట్టుండే నీడలో ముఖం సగమే కనిపిస్తుంది. వాన లేకుండా వాన కురిసిన రాత్రిలా ఉంటుంది.

ముందు దీన్నే ఎందుకు చూడమంటున్నానంటే, మూడూ మూడు విడి కథలు. ఒకటి చూసి ఆపేసినా ఏమీ పోదు. నాలుగోది రాలేదన్న బాధ ఉంటుంది, అంతేగానీ మోసపోయిన భావన ఉండదు. లోపం లేదా అంటే ఉంది. ఆ ముగ్గురూ ఎందుకు జైలుకి పోయారు, ఒకళ్లకొకళ్లు ఏమవుతారు అన్నది గట్టిగా పట్టించుకోలేదు. ఆ లోతు కావాలంటే కింద చెప్పబోయే ఆర్మిటేజ్ 3 దాకా ఆగాలి.

ఒక జాగ్రత్త. ఇది రెండు రకాలుగా దొరుకుతుంది, ఇంగ్లిష్ డబ్బింగ్‌తో, జపనీస్ ఆడియోతో. బ్రిటన్‌లో మాంగా ఎంటర్‌టైన్‌మెంట్ చేయించిన డబ్బింగ్‌లో మాటకో బూతు దట్టించారు, సంగీతం కూడా మార్చి రోరీ మెక్‌ఫార్లేన్‌తో కొత్తగా కొట్టించారు. ఆ గిటార్ల సంగీతానికి అభిమానులున్నారు, నాక్కూడా చెవికి బాగానే ఉంటుంది. అయినా మొదటిసారి మాత్రం జపనీస్ ఆడియో, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. బూతుల డబ్బింగ్ రెండోసారి స్నేహితులతో చూసుకోవచ్చు, నవ్వుకోవడానికి పనికొస్తుంది.

ఒక్క గంటే ఉంటే: గోకు మిడ్‌నైట్ ఐ

ఇదీ కవాజిరిదే, ఇదీ మ్యాడ్‌హౌస్‌దే. 1989లో రెండు భాగాలు వచ్చాయి. మూలం బుయిచి తెరసావా మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ. స్పేస్ పైరేట్ కోబ్రా సృష్టికర్త ఆయన, 2023లో పోయారు.

నోయిర్ అంటే ప్రైవేట్ డిటెక్టివే ఉండాలి అనేవాళ్లకి ఇది సరిపోతుంది. గోకు ఒకప్పటి పోలీసు, ఇప్పుడు సొంతంగా కేసులు చూసుకుంటాడు. ఒక ఆయుధాల వ్యాపారి మీద నిఘా పెట్టిన పోలీసులు ఒకరి తర్వాత ఒకరు తమంతట తామే చనిపోతుంటారు. కారణం వశీకరణం. ఒక ఆడమనిషి వీపు మీద నెమలి పురి విప్పుకుంటుంది, ఆ కళ్లు చూసినవాడు తన చావు తనే తెచ్చుకుంటాడు. గోకు కూడా చూస్తాడు. ఆ మత్తులోంచి బయటపడటానికి తన ఎడమ కన్నుని తనే పొడుచుకుంటాడు. పదే పదే చూడలేను గానీ, ఆ దృశ్యంతో కవాజిరి మనిషిని మెడపట్టి కథలోకి లాగేస్తాడు. తర్వాత మెలకువ వచ్చేసరికి ఆ గుంటలో కొత్త కన్ను. ప్రపంచంలో ఏ కంప్యూటర్‌నైనా ఆడించగల కన్ను. చేతికి ఎంత కావాలంటే అంత పొడవు పెరిగే దండం.

పేరు చూసి డ్రాగన్ బాల్ సిరీస్ హీరో గోకు అనుకోకండి. రెండిటికీ మూలం ఒకటే, చైనా వారి పడమటి యాత్ర కథలోని కోతిరాజు సన్ వుకాంగ్. జపనీస్‌లో సోన్ గోకు. మనకి హనుమంతుడు గుర్తొస్తాడు. అయితే ఈ గోకు కోటు తొడుక్కుని సిగరెట్ కాలుస్తాడు, బ్రహ్మచర్యం మాట అడక్కండి.

కథ పరంగా ఇది ఓయెడో కంటే తేలిక. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ గుప్పిట్లో ఉన్న హీరోకి ఇక అడ్డేముంటుంది? టెన్షన్ అక్కడే సగం చచ్చిపోతుంది. ఆడవాళ్లని చూపించిన తీరు కూడా చికాకు పెడుతుంది. ఒక పాత్రనైతే ఏకంగా మోటార్‌సైకిల్‌గా మార్చేశారు. 1989లో అదే గొప్ప ఊహ అనిపించి ఉండొచ్చు. మొదటి భాగం చూడండి. నచ్చితేనే రెండోది, అది విడి కేసు కాబట్టి మానేసినా నష్టం లేదు. ఓయెడో, గోకు రెండిట్లో ఒకటే అంటే కళ్లు మూసుకుని ఓయెడో.

నేను తప్పుగా చెప్పింది: బబుల్‌గమ్ క్రైసిస్

ఇప్పుడు మా తమ్ముడిని ముంచిన దాని దగ్గరికి వద్దాం. మంచిది కాదని కాదు. ఈ మొత్తం గుంపులో నాకు మనసుకి దగ్గరైంది ఇదే. అందుకే నోరు జారింది.

1987 నుంచి 1991 దాకా ఎనిమిది భాగాలు. కథలో 2025లో వచ్చిన భూకంపానికి టోక్యో నేలమట్టమై, దాని మీద మెగాటోక్యో లేస్తుంది. కథ జరిగేది 2032లో. ఊరిని మళ్లీ కట్టింది జెనోమ్ అనే కంపెనీ, కట్టడానికి వాడింది బూమర్లు అనే రోబోలని. బూమర్లకి పిచ్చెక్కి జనం మీద పడితే పోలీసులు ఆపలేరు. ఆపేది నైట్ సేబర్స్ అనే నలుగురు అమ్మాయిలు, కవచాలు తొడుక్కుని, డబ్బు తీసుకుని. పగలు ఒకామె లోదుస్తుల షాపు నడుపుతుంది, ఒకామె ఏరోబిక్స్ నేర్పుతుంది, ఒకామె సాక్షాత్తూ పోలీసు శాఖలోనే ఉద్యోగం చేస్తూ కబుర్లు చేరవేస్తుంది. నాలుగో ఆమె ప్రిస్, పాటలు పాడుతుంది.

మొదటి భాగం ఎలా మొదలవుతుందో చెప్పాలి. క్లబ్బులో ప్రిస్ స్టేజి ఎక్కుతుంది. కొన్‌యా వా హరికేన్ అనే పాట, ఈ రాత్రి తుఫానే అని అర్థం. పాట అందుకోగానే కెమెరా వీధిలోకి పోతుంది. అక్కడ ఒక బూమర్ పోలీసు వాహనాలని అట్టపెట్టెల్లా నలిపేస్తోంది. మళ్లీ స్టేజి, మళ్లీ వీధి. డ్రమ్ము దెబ్బ, తుపాకీ దెబ్బ ఒకే తాళం మీద పడతాయి. మాటలు పెద్దగా లేకుండానే ఆ ఊరు ఏంటో, ఆ పిల్ల ఏంటో తెలిసిపోతుంది. ఆ పాట కోసమే ఈ టేపు మళ్లీ మళ్లీ పెట్టుకున్నవాళ్లు ఉంటారు, నేనొకణ్ణి. ప్రిస్‌కి గొంతిచ్చిన కినుకో ఓమోరి గాయని కూడా. ప్రిస్ బ్యాండు పేరు ప్రిస్ అండ్ ద రెప్లికెంట్స్. రెప్లికెంట్లంటే బ్లేడ్ రన్నర్‌లోని కృత్రిమ మనుషులు. బ్లేడ్ రన్నర్ బాకీ అలా బహిరంగంగానే ఒప్పేసుకున్నారు.

పేరు గురించి కూడా ఒక మాట. బబుల్‌గమ్ బుడగ ఊదుతూ పోతే పేలేముందు ఎంత బిగువుగా ఉంటుందో, ఆ లోకం అలా ఉందని చెప్పడానికే ఆ పేరు పెట్టామని దీన్ని తలపెట్టిన తోషిమిచి సుజుకి చెప్పుకున్నాడు. తమాషా ఏంటంటే, సిరీస్ ఆగిపోయే వేళకి జపాన్ ఆర్థిక బుడగ కూడా పేలింది. కానీ సిరీస్ ఆగింది అందుకు కాదు. పదమూడు భాగాలు అనుకున్నది, తీసిన ఆర్ట్‌మిక్, యూమెక్స్ కంపెనీల మధ్య హక్కుల తగువు వచ్చి ఎనిమిదికే పడిపోయింది. అదే 1991లో బబుల్‌గమ్ క్రాష్ పేరుతో మూడు భాగాలు తెచ్చి ముడి వేయబోయారు కానీ ఆ ఊపు రాలేదు. 1998లో టోక్యో 2040 పేరుతో టీవీలో వచ్చింది మళ్లీ మొదటి నుంచి చెప్పిన వేరే కథ. దానికి దీనికి లంకె పెట్టుకుంటే తికమకే.

మరి ఎలా చూడాలి? మొదటి మూడూ వరసగా చూడండి, వాటికి ఒక ఆద్యంతాలు ఉన్నాయి. నాలుగోది కారుతో పగ తీర్చుకునే ఒకడి విడి కథ, తర్వాతకి వదిలేయొచ్చు. ఐదు, ఆరు ఒకే కథకి రెండు సగాలు, సిరీస్‌కి గుండెకాయ అక్కడే. ఐదో భాగంలో ప్రిస్‌కి సిల్వీ అని స్నేహితురాలు దొరుకుతుంది. ఇద్దరికీ బైకులంటే ప్రాణం. తర్వాత జరిగేది చెప్పను. అది అయ్యాక ప్రిస్ ముఖం చూపించిన తీరు మాత్రం, కవచాల పోరాటాలు చూద్దామని కూర్చున్నవాడిని కూడా కాసేపు కదలనివ్వదు. ఆరుతో ఆపేస్తే తృప్తిగా లేస్తారు. ఏడు, ఎనిమిది ఆ మనుషుల మీద ప్రేమ పుట్టాక కొసరుగా చూసుకోవడానికి. మా వాడికి ఈ లెక్క ముందే చెప్పి ఉంటే ఆ ఫోన్ వచ్చేది కాదు.

ఇందులో నోయిర్ పాలు మిగతావాటికంటే తక్కువ, వెలుగు ఎక్కువ. నలుగురి మధ్య వేళాకోళాలు ఉంటాయి. చీకటే కావాలంటే ఇదే లోకంలో 1990లో వచ్చిన ఏడీ పోలీస్ ఫైల్స్ ఉంది. మూడు భాగాలు, పోలీసుల వైపు నుంచి, ఏళ్ల ముందటి కథ. అది మరీ చేదు. మనిషి శరీరంలో యంత్రం ఎంత దూరం పోతే మనిషి మనిషి కాకుండా పోతాడు అన్నదాని చుట్టూ తిరుగుతుంది. రాత్రి భోజనం ముందు పెట్టుకోకండి.

కథే కావాలంటే: ఆర్మిటేజ్ 3

1995లో నాలుగు భాగాలు. పేరు చివర రోమన్ మూడు అంకె ఉంటుంది గానీ మొదటి రెండూ ఎక్కడా అని వెతక్కండి. ఆ మూడుకి అర్థం కథలోనే ఉంది. ఏఐసీ స్టూడియో, దర్శకుడు హిరోయుకి ఓచి, రచన చియాకి కొనాక. మూడేళ్ల తర్వాత సీరియల్ ఎక్స్‌పెరిమెంట్స్ లేన్ అనే సిరీస్ రాసింది ఈ కొనాకే.

భూమి నుంచి అంగారకుడి మీదకి బదిలీ అయి వచ్చిన పోలీసు రాస్ సిలిబస్. ఒక రోబో చేతిలో తోటి పోలీసుని పోగొట్టుకున్నాడు, యంత్రాలంటే ఒళ్లుమంట. పైగా తన ఒంట్లోనే కొంత యంత్రం పెట్టుకుని తిరగాల్సిన పరిస్థితి. వాడు దిగీ దిగగానే అంతరిక్ష కేంద్రంలో కాల్పులు. పేరున్న ఒక గాయని శవం దొరుకుతుంది. తీరా చూస్తే ఆమె మనిషి కాదు. ఎవరికీ అనుమానం రానంతగా మనుషుల్లో కలిసిపోయిన రోబో. అలాంటివాళ్లని ఒక్కొక్కరినీ ఎవరో చంపుతున్నారు. వాటిని చంపితే అది హత్యా, సామాను పగలగొట్టడమా? ఊళ్లో జనం ఏమంటున్నారు? ఉద్యోగాలు పోయాయని రోబోల మీద రగిలిపోతున్న జనం. ఈ కేసులో రాస్‌కి జోడీగా వచ్చిన నవోమి ఆర్మిటేజ్ ఎందుకంత మండిపడుతోంది అన్నది మీరు ముందే ఊహించేస్తారు. అయినా ఫరవాలేదు, కథ ఆ రహస్యం మీద నిలబడలేదు.

నాలుగు భాగాలూ కలిపి ఒకే కేసు, ముగింపు ఉంది. ఓవీఏల్లో ఇది అరుదైన భోగం. ఓయెడోలో నగరం అందం, బబుల్‌గమ్‌లో స్నేహం గుర్తుంటాయి. ఇందులో ఇద్దరు మనుషులు, ఒకరు మనిషి కాకపోయినా, ఒకరికొకరు అలవాటవడం గుర్తుంటుంది. చివరికొచ్చేసరికి రెండు గ్రహాల రాజకీయాలు దూర్చి కాస్త గజిబిజి చేశారు. దాన్ని ఓపిక పట్టాలి.

ఇక్కడ ఎంపిక మరొకటి ఉంది. ఈ నాలుగింటినీ కత్తిరించి 1996లో పాలీ-మ్యాట్రిక్స్ అనే గంటన్నర సినిమాగా వదిలారు. ఇంగ్లిష్‌లో హాలీవుడ్ నటులు కీఫర్ సదర్లాండ్, ఎలిజబెత్ బర్క్‌లీ గొంతులిచ్చారు. పేర్లు పెద్దవే. కానీ కత్తెర పడింది ఆ ఇద్దరూ దగ్గరయ్యే చిన్నచిన్న చోట్లే. కేసు మిగిలింది, మనుషులు పల్చబడ్డారు. టైం లేదని సినిమా చూసి, తర్వాత ఓవీఏ చూస్తే రెండూ చప్పగా ఉంటాయి. కాబట్టి నాలుగు భాగాలే చూడండి, ఒక్కరోజులో కాకపోతే రెండు రోజులు. 2002లో డ్యూయల్-మ్యాట్రిక్స్ అని కొనసాగింపు వచ్చింది. అక్కడికి పోకపోయినా కథకి లోటు లేదు.

మిగతావి, త్వరగా

భవిష్యత్తు, రోబోలు వద్దు, మాఫియా కావాలి అంటారా? క్రయింగ్ ఫ్రీమన్ ఉంది. 1988 నుంచి 1994 దాకా ఆరు భాగాలు, తోయె స్టూడియో వాళ్లది. కజువో కోయికే రాసి, రియోయిచి ఇకెగామి బొమ్మలు వేసిన మాంగా. కుండలు, కూజాలు చేసుకునే ఒక కళాకారుడిని 108 డ్రాగన్స్ అనే చైనా ముఠా వశీకరణంతో హంతకుడిగా మారుస్తుంది. చేతులు చంపుతాయి, కళ్లు ఏడుస్తాయి. ఈ ఒక్క ఊహ ఎంత బలమైనదంటే మొదటి భాగం అంతా దాని మీదే నడిచిపోతుంది. రెండో భాగం నుంచి ముఠా గొడవలు ఒకదాని మీద ఒకటి పడి, ఆ కన్నీళ్లు అలవాటైపోతాయి. ఆడవాళ్ల మీద హింస కూడా పెరుగుతుంది. మొదటిది చూసి ఆపేయమని నా సలహా.

కార్లు, తుపాకులు, పగటి వెలుతురు ఇష్టమైతే గన్‌స్మిత్ క్యాట్స్. 1995, 96ల్లో మూడు భాగాలు, ఒక్కోటి అరగంట. బబుల్‌గమ్ అమ్మాయిల రూపాలు గీసిన కెనిచి సోనొదా మాంగాయే మూలం. కథ షికాగోలో. తీసినవాళ్లు ఆ ఊరు వెళ్లి వీధులు చూసొచ్చి మరీ గీశారు, అది తెలుస్తుంది. కారు మలుపు తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకి వాలడం, ఖాళీ తూటా తొడుగు నేల మీద పడి దొర్లడం, అలాంటివాటి మీద వాళ్లకి తగని మక్కువ. నోయిర్ అనడం కష్టం. పైవి వరసగా చూసి మనసు బరువెక్కినప్పుడు మజ్జిగ తాగినట్టుంటుంది.

1998లో వచ్చిన కైట్ పేరు ఈ రకం జాబితాల్లో తప్పకుండా వస్తుంది. యాక్షన్ దృశ్యాల పేరు చెప్పి ఊరిస్తారు. చదువుకునే వయసు పిల్ల మీద లైంగిక హింస ఉన్న కథ అది, కత్తిరించిన ప్రతుల్లో కూడా ఆ నీడ పోదు. నేను ఎవరికీ చెప్పను.

ఇంతకీ మీరు ఏది పెట్టుకోవాలి

శుక్రవారం రాత్రి పదింటికి, ఆఫీసు నుంచి వచ్చి, రెండు గంటలు ఉన్నాయి అంటే ఓయెడో. అందులో సందేహం లేదు. నచ్చకపోతే మొదటి భాగంతో లేవండి, ఈ రకం మీకు పడదని తేలిపోతుంది, మిగతావాటి జోలికి పోనక్కర్లేదు. నచ్చి, వారాంతం ఖాళీ అయితే ఆర్మిటేజ్. పాటలు, నలుగురి సావాసం ఇష్టమై, కథ తేలకపోయినా సర్దుకుపోయే మనిషైతే బబుల్‌గమ్, పైన చెప్పిన వరసలో. ఇంట్లో ఇంకొకరితో కలిసి చూడాలి, వాళ్లకి యానిమే కొత్త అంటే గన్‌స్మిత్ క్యాట్స్‌తో మొదలుపెట్టండి. గోకు మాత్రం ఒంటరిగా, హెడ్‌ఫోన్స్‌తో.

కొత్త సిరీస్‌లకి వచ్చినట్టు వీటికి తెలుగు గొంతు కోసం ఎదురుచూడకండి, సబ్‌టైటిల్సే దిక్కు. మొదట్లో చదవడానికే సరిపోయి బొమ్మ చూడటం కుదరదు అంటారు కొందరు. వీటిలో మాటలు తక్కువ, అది పెద్ద ఇబ్బంది కాదు. ముందు ప్రింట్ చూసుకోండి. టేపులోంచి దించిన పాత కాపీల్లో నలుపంతా బూడిద రంగుకి తిరిగి ఉంటుంది, కవాజిరి నీలం అందులో కనిపించదు. బ్లూ-రే కోసం శుభ్రం చేసిన ప్రతి దొరికితే అదే చూడండి. గది లైటు ఆర్పేయండి, ఫోన్ తెర మీద మాత్రం వద్దు.

ఇవన్నీ పాత చదరపు టీవీల కోసం గీసినవి. మన కొత్త టీవీలు బొమ్మని సాగదీసి తెర నింపేస్తాయి, అప్పుడు బెంటెన్ కూడా బొద్దుగా కనిపిస్తాడు. మా తమ్ముడు మొదటి భాగం అలాగే చూశాడట. "అన్నా, అందరూ లావుగా ఉన్నారేంటి?" అని అడిగాడు. రిమోట్‌లో పిక్చర్ సెట్టింగ్‌కి వెళ్లి 4:3 పెట్టుకోండి. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి.